తీగకు పొల్లు

బేసు గిటారు అనే వాద్యం ఒకటున్నదని పాఠకుల్లో కొందరికి తెలియకపోవచ్చు. అందులో వారి తప్పేమీ లేదు. పెళ్ళికి ఆర్కెస్ట్రా పెట్టించిన పెద్దమనుషులే మర్నాడు డబ్బు లెక్క చూసేటప్పుడు, "పాడినాయన సరే, పాడినావిడ సరే, డ్రమ్ములు కొట్టినతను సరే, ఆ మూల రాటకు ఆనుకుని నిలబడ్డ కుర్రవాడు దేనికండీ?" అని అడిగిన సందర్భాలు నాకు తెలుసు. ఆ మూల నిలబడ్డవాడి చేతిలో ఉన్నదే బేసు గిటారు.

దానికి నాలుగే తీగలు. మామూలు గిటారు తీగలకంటె బాగా లావు. మెడ కూడా పొడుగు. దాని కాపురమంతా మంద్రస్థాయిలోనే. అన్నిటికంటె లావు తీగ మీటితే సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ఆ తరువాతవి వరసగా 55, 73, 98 సార్లు. ఆడవాళ్ళు మామూలుగా మాట్లాడుకునేటప్పుడే గొంతు సెకనుకు సుమారు 200 సార్లు అదురుతుందంటే, ఈ నాదం ఎంత అడుగున ఉంటుందో మీరే ఊహించుకోండి. పాట సాగుతున్నంతసేపూ అది మోగుతున్నట్టే తెలియదు. ఆగిపోయిందా, ఎప్పుడూ మాట్లాడకుండా మూల కూర్చుని ఉండే మామ్మగారు ఊరికి వెళ్ళినట్టు ఇల్లంతా ఏదో వెలితి.

ఆ మూల కుర్రవాణ్ణి ఒకప్పుడు నేనే. ఇప్పుడు నలభై దాటి నాలుగేళ్ళయింది. ఒక కాలేజీలో తెలుగు లెక్చరర్ని. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఛందస్సు చెప్పే ఈ మనిషి రాత్రిళ్ళు పందిళ్ళలో తీగలు మీటేవాడని మా విద్యార్థులకు తెలియదు. ఈ వ్యాసంతో బయటపడుతుంది కాబోలు. పడనీండి. 2002 నుంచి 2004 దాకా నాగార్జున విశ్వవిద్యాలయంలో నేను ఎం.ఏ. చదివింది ఈ నాలుగు తీగల మీదనే. మా నాన్నగారు గుమాస్తాగా ఉన్న బియ్యం మిల్లు సరిగ్గా ఆ ఏడే మూతపడింది. తెనాలిలో ఒక ఆర్కెస్ట్రాలో వాయిస్తే కచేరీకి 150 రూపాయలు ఇచ్చేవారు. పగలు మనుచరిత్ర, రాత్రి పెళ్ళిపందిరి. నెలకు ఆరేడు కచేరీలు తగిలితే మెస్సు బిల్లు గట్టెక్కేది. మూఢం వచ్చిందంటే మాత్రం పెళ్ళిళ్ళతోపాటు నాకూ మూఢమే.

ఆ ఆర్కెస్ట్రాకు పెద్ద ఒక డ్రాయింగు మాస్టారు. హైస్కూల్లో పిల్లలకు బొమ్మలు నేర్పేవారు, సాయంత్రమైతే హార్మోనియం ముందు కూర్చునేవారు. ఊళ్ళో అందరికీ ఆయన మాస్టారే గనుక నేనూ ఇక్కడ అట్లాగే అంటాను. ఘంటసాలగారి పాటలంటే ఆయనకు ప్రాణం. అందులోనూ రాగం కంటె మాట మీద ఎక్కువ మక్కువ. పాటలో ఒక్క అక్షరం వినపడకపోతే ఆ రాత్రి ఆయనకు అన్నం సయించేది కాదు.

నన్ను చేర్చుకున్న కొత్తలో ఒక శ్రీరామనవమి పందిట్లో మా కచేరీ జరిగింది. మైకుసెట్టతను ఉత్సాహవంతుడు, ఇద్దరు మనుషులు మొయ్యలేని పెట్టెలు నాలుగు తెచ్చి నిలబెట్టాడు. నా తీగ మోగితే పానకం బిందెలు కూడా గుంయ్‌మంటున్నాయి. జనానికి సరదాగానే ఉన్నది. విరామంలో మాస్టారు టీ గ్లాసుతో నా దగ్గరకు వచ్చారు.

"ఏరా, రేపు నీ పేరు పక్కన ఎం.ఏ. తెలుగు అని వేసుకుంటావా?"

"వేసుకుంటానండీ."

"మరి నీ వాద్యం తెలుగును మింగేస్తోందిరా! ఇందులో నువ్వు చేసిందేమీ లేదులే. ఈ పాటలు పుట్టినప్పుడు నీ చేతిలోది కాదు, నిలువెత్తు డబుల్ బేస్ ఉండేది. దాన్ని వేలితో మీటితే, గట్టుమీద తాటిపండు పడ్డట్టు దబ్బున పడి ఊరుకుంటుంది. నీది పడి ఊరుకోవడం లేదు, దొర్లుతోంది. అది దొర్లినంతమేరా పాటలో మాటలన్నీ చితికిపోతున్నాయి."

మర్నాడు ఆయన నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని, స్కూటరు సీట్లకు కవర్లు కుట్టే సాయిబుగారి దుకాణానికి తీసుకువెళ్ళారు. సీటులో వేసే ఫోము ముక్కలు అక్కడ గుట్టగా పడి ఉంటాయి. ఒకటి అడిగి తీసుకున్నారు. డ్రాయింగు మాస్టారు గదా, పెన్సిళ్ళు చెక్కే బ్లేడు ఎప్పుడూ జేబులోనే. అక్కడే బల్లమీద కూర్చుని, వంకాయ ముక్క తరిగినట్టు తరిగి, నా గిటారు మీద తీగలు అడుగున బిగించి ఉండే చోటుకు పక్కనే, తీగలకూ చెక్కకూ మధ్య సందులో దూర్చారు. "ఇప్పుడు మీటు" అన్నారు. మీటాను. దబ్. తాటిపండు పడింది.

సాయిబుగారు కుట్టుమిషను ఆపి, "ఇంకోసారి కొట్టు బాబూ" అన్నారు. నాకు వచ్చిన మొదటి ప్రశంస అదే.

ఆనాటినుంచి ఆ ఫోము ముక్క నా చొక్కా జేబులో ఉండేది. పాత పాట అయితే దూర్చడం, ఇళయరాజాగారి పాట అయితే తియ్యడం. ఎందుకంటే ఆయన పాటల్లో బేసు మామ్మగారిలా మూల కూర్చోదు. లేచి పాటకు ఎదురు మాట్లాడుతుంది, జారుతుంది, సాగుతుంది. అక్కడ ఫోము పెడితే గొంతు నొక్కినట్టే. ఏ పాటకు పెట్టాలో ఏ పాటకు తియ్యాలో తెలియడమే ఈ విద్యలో సగం.

ఇంతకీ ఆ ముక్క చేసే పనేమిటి? చాలామంది అది శబ్దం తగ్గించడానికి అనుకుంటారు. మా ఆవిడ కూడా మొదట అట్లాగే అనుకుని సంతోషించింది. "దానికి ఇంత పాట్లెందుకు, వాల్యూము తగ్గించుకోవచ్చుగా?" అని సలహా కూడా చెప్పింది. వాల్యూము తగ్గిస్తే పెద్ద మోత చిన్న మోత అవుతుంది గాని, పొడుగు మోత పొట్టి మోత కాదు. ఫోము చేసేది ఈ రెండో పని. తీగను మీటిన క్షణంలో వచ్చే దెబ్బ దాదాపు అట్లాగే ఉంటుంది. ఆ వెనక వచ్చే సాగుడును మాత్రం అది మెత్తగా పీల్చేస్తుంది. తీగ ఊగేటప్పుడు మొత్తంగా ఒక ఊపు ఊగుతూనే, సగాలుగా, మూడోవంతులుగా, నాలుగోవంతులుగా కూడా తనలో తాను ఊగుతుంది. ఆ చిన్న ఊపులవల్లనే ధ్వనికి లోహపు మెరుపు వస్తుంది. ఫోము ముందుగా మింగేది వాటినే. అందుచేత మిగిలే ధ్వని పొట్టిగానూ ఉంటుంది, కొంచెం చెక్కవాసన వేస్తున్నట్టూ ఉంటుంది. అరచేతి అంచుతో తీగలను అదిమిపట్టి కూడా ఈ పని కొంతవరకు చెయ్యవచ్చు. కాని మూడు గంటల కచేరీలో చెయ్యి పడిపోతుంది.

నేను తెలుగువాణ్ణి గనుక నాకు ఇది వ్యాకరణంగా అర్థమయింది. తెలుగు అజంతభాష అని పిల్లలకు మొదటి సంవత్సరంలోనే చెబుతాం. మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి తోచదు. పరాయిభాషలోంచి ఏ మాట వచ్చినా దాని చివర ఒక ఉకారం తగిలించి గాని గడప దాటనివ్వం: బస్సు, కారు, బల్బు, రోడ్డు. బేసు కూడా అట్లా లోపలికి వచ్చినదే. అచ్చును ఊపిరి ఉన్నంతసేపు లాగవచ్చు. హల్లు అట్లా కాదు, పొల్లు పెట్టామా, అక్కడికి సరి. ఊరికే మీటిన బేసు తీగ అజంతం, ధూ... అంటూ పోతూనే ఉంటుంది. కింద ఫోము పెట్టిన తీగ హలంతం, ధుమ్, అంతే. పిల్లలకు పొల్లు గురించి చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ ఎన్నోసార్లు నాలుక చివరదాకా వచ్చింది. లెక్చరరు మర్యాద అడ్డం వచ్చి ఊరుకున్నాను.

మన తంబురా మాట వేరు. అక్కడ కూడా తీగ కింద ఒకటి పెడతాం, సన్నని నూలుపోగు. జీవాళి అంటారు. ఆ పోగును మెట్టుమీద అటూ ఇటూ జరిపి సరయిన చోట నిలిపితే, తీగ జుమ్మని ప్రాణం పోసుకుంటుంది. ఆ నాదానికి అంతు లేకపోవడమే అందం. ఫోము చేసేది దానికి సరిగ్గా ఎదురు పని. అయినా రెండిట్లోనూ వేలెడంత వస్తువే వాద్యం స్వభావాన్ని మార్చేస్తున్నది. జీవాళి సరిచేసే విద్వాంసుణ్ణి చూసి మనం దండం పెడతాం. ఫోము సరిచేసేవాణ్ణి చూసి, ఆ మూల కుర్రవాడు దేనికండీ అంటాం.

మాస్టారు ఈ ఉపాయం తనంతట తానే కనిపెట్టారు. కాని సముద్రాల అవతల ఇదే పని చాలాకాలం ముందే జరిగింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన ఫుల్లర్టన్ అనే ఊళ్ళో లియో ఫెండర్ అని ఒకాయన ఉండేవాడు. రేడియోలు బాగుచేసుకుంటూ వచ్చి, గిటార్లు తయారుచేయడంలో దిగాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు, చెయ్యడమే వచ్చు. నిలువెత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరగలేక అవస్థపడే వాద్యగాళ్ళ కోసం 1951లో ఆయన భుజాన తగిలించుకునే బేసు గిటారును అమ్మకానికి పెట్టాడు. మెడమీద మెట్లు ఉండటంవల్ల స్వరం ఖచ్చితంగా పలుకుతుందని దానికి 'ప్రెసిషన్' అని పేరు పెట్టాడు. తీగలు బిగించే చోట ఒక లోహపు మూత ఉండేది. ఆ మూత లోపల, ఫ్యాక్టరీలోనే, ఫోము రబ్బరు అతికించేవారు. అంటే, కొత్త వాద్యం పాతదానిలాగానే పొట్టిగా పలకాలని దాన్ని పుట్టించినవాడే కోరుకున్నాడన్నమాట. కొన్నవాళ్ళలో చాలామంది ఆ మూత పీకి పక్కన పడేశారు. దానికి సిగరెట్ల బూడిద దులుపుకునే పళ్ళెమని ముద్దుపేరు కూడా వచ్చింది.

పీకి పారెయ్యనివాళ్ళలో ఒకడు జేమ్స్ జేమర్సన్. ఆయన 1936లో పుట్టాడు. డిట్రాయిట్ నగరానికి వచ్చి, మొదట డబుల్ బేస్ నేర్చుకుని, తరువాత మోటౌన్ అనే రికార్డుల కంపెనీలో బేసు గిటారు వాయించాడు. ఆ కంపెనీ స్టూడియో వెస్ట్ గ్రాండ్ బులివార్డ్ వీధిలో ఒక మామూలు ఇల్లు. ఆ ఇంట్లోంచి 1960ల్లో లోకమంతా పాడుకున్న పాటలు వచ్చాయి. 1964 నాటి 'మై గర్ల్' పాట మొదట్లో, ఇంకెవరూ నోరు తెరవకముందే, గుండె కొట్టుకున్నట్టు రెండేసి దెబ్బలు వినపడతాయి. అది ఈయన వేలే. ఒకే వేలు, కుడిచేతి చూపుడువేలుతోనే అన్నీ వాయించేవాడు. దళసరి తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఫెండర్ మూతనూ, దాని కింద ఫోమునూ అట్లాగే ఉంచుకున్నాడు. ఇన్ని కట్టుబాట్లలో ఆ మనిషి అల్లిన బాణీలు వింటే, పద్యంలో యతిప్రాసలు కవికి అడ్డమా సాయమా అని మేము స్టాఫు రూములో పెట్టుకునే వాదం నాకు చాదస్తంగా తోస్తుంది.

ఆయన పేరు మాత్రం ఏళ్ళ తరబడి ఏ రికార్డు అట్టమీదా లేదు. వాద్యగాళ్ళ పేర్లు వెయ్యడం ఆ కంపెనీలో 1971లో వచ్చిన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బంతో మొదలయింది. మరుసటి ఏడు కంపెనీ లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయింది. జేమర్సన్ 1983లో, నలభైయేడేళ్ళకే పోయాడు. పోవడానికి కొద్దిరోజుల ముందు ఆ గిటారును ఎవరో దొంగిలించారు. అదే కాలంలో లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో కరోల్ కే అనే ఆవిడ తీగల మీద ఫెల్టు గుడ్డ ముక్క వేసి, పిక్కుతో మీటుతూ వందలాది పాటలకు బేసు వాయించింది. డిట్రాయిట్‌లో ఫోము, లాస్ ఏంజెలిస్‌లో ఫెల్టు, తెనాలిలో స్కూటరు సీటు. నా వరసలో నేను మూడోవాణ్ణని చెప్పుకోవడం లేదు. మాస్టారు మూడోవారని చెబుతున్నాను.

ఇక అసలు సంగతి. పోయిన సంక్రాంతికి పదిరోజుల ముందు మాస్టారి అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేశాడు.

"అన్నయ్యా, నాన్న పాటలు వినడం మానేశారు."

మాస్టారికి డెబ్భై ఎనిమిది. చెవి తగ్గిందని విన్నాను గాని, ఇంత అని తెలియదు. రెండేళ్ళయిందిట. రేడియో అక్కర్లేదు, టీవీ కట్టెయ్యమంటారు, హార్మోనియం మీద దుప్పటి కప్పేశారు. కొడుకు బోలెడంత డబ్బుపోసి చెవి మిషను కొనిపెడితే అది సొరుగులో ఉంటుంది. అడిగితే, "రొదరా అంతా, మాట తెలియడం లేదు" అంటారుట. పండగ మర్నాడు పాతవాళ్ళం నలుగురం వచ్చి ఇంట్లో కూర్చుని నాలుగు పాటలు వాయిస్తే ఎట్లా ఉంటుందని అతని ఆశ. "వినపడకపోయినా మిమ్మల్ని చూస్తారుగదా అన్నయ్యా" అన్నాడు. ఆ మాట నాకు కష్టంగా తోచింది. చూడటానికి రమ్మనడం వేరు, వినడానికి రమ్మనడం వేరు.

చెవుల డాక్టరు ఒకాయన నాకు స్నేహితుడు. ఆయన చెప్పిందేమంటే, వయసుతో వచ్చే చెవుడు అన్ని ధ్వనులనూ సమానంగా తగ్గించదు. ముందు పోయేవి పైస్థాయివి. మాటలో అచ్చులు కింది స్థాయిలో బలంగా ఉంటాయి. స, శ, త, క వంటి హల్లుల గుర్తులు పైన సన్నగా ఉంటాయి. అందుచేత ముసలివారికి ఎవరో మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అచ్చులు మిగులుతాయి, హల్లులు పోతాయి. దీనికి తోడు, కింది స్థాయి మోత పై స్థాయి ధ్వనులను కప్పేస్తుందిట. పైది కిందిదాన్ని అంతగా కప్పలేదు. నాకు వెంటనే పానకం బిందెలు గుర్తుకు వచ్చాయి. దొర్లే తాటిపండు గుర్తుకు వచ్చింది. మాస్టారు ఇరవైయేళ్ళ కిందట మంచి చెవులతో చెప్పిన మాటే డాక్టరు పుస్తకంలో ఉన్నది.

ఆ రాత్రే అటకమీంచి గిటారు దింపాను. కలకత్తా నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండు సరుకు. అయినా చెక్క చెక్కుచెదరలేదు. ఫోము ముక్క మాత్రం లేదు. ఉన్న చోట గోధుమరంగు పొడి, జిగటగా, బెల్లం పాకం మరకలా అంటుకుని ఉన్నది. ఫోముకు ఆయుర్దాయం తక్కువ; మన కోస్తా తేమకు మరీ తక్కువ. ఆ పొడిని తుడవడానికి కాసేపు చెయ్యి రాలేదు. సాయిబుగారి దుకాణం ఉన్నచోట ఇప్పుడు బిర్యానీ సెంటరు ఉన్నది.

మరి ఇంట్లో ఉన్నదానితోనే మొదలుపెట్టాను. టీవీ పెట్టెలో వచ్చిన తెల్లటి ప్యాకింగు ముక్క కోసి పెడితే, తీగ కదిలినప్పుడల్లా కీచుమన్నది. పైగా బిరుసు, తీగ ఊపిరాడక చచ్చింది. పాత పరుపులోంచి తీసిన దూది వంటి ఫోము మరీ మెత్తన, పెట్టినా పెట్టనట్టే. అప్పుడు వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలు తోముకునే స్పాంజీలు రెండు, కవరు కూడా విప్పనివి, గట్టుమీద ఉన్నాయి. ఒకవైపు పసుపుపచ్చని స్పాంజి, రెండోవైపు ఆకుపచ్చని పీచు. నేను వేళ్ళతో నొక్కి చూస్తూంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇరవై ఏళ్ళలో ఆ వస్తువు మీరు చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు" అన్నది. ఎందుకో చెప్పాను. "గిన్నెలకయితే కాదన్నమాట" అని వెళ్ళిపోయింది. తీరా చూస్తే ఆ స్పాంజే సరిపోయింది.

చెయ్యదలచినవారి కోసం కొలతలు చెబుతాను. పొడవు మూడు అంగుళాలుంటే నాలుగు తీగలకూ అందుతుంది. వెడల్పు ముప్పావు అంగుళం. ఎత్తు మాత్రం కొలిచి చెప్పేది కాదు. చెక్కకూ తీగకూ మధ్య సందుకంటె ఒక పిసరు ఎక్కువగా కోసి, నొక్కి దూర్చాలి. ముక్క తీగను తాకాలి గాని పైకి ఎత్తకూడదు, ఎత్తితే శ్రుతి చెడుతుంది. ఆకుపచ్చ పీచు కిందికి ఉంటే చెక్కమీద జారదు. సన్న తీగ బరువు తక్కువ గనుక అదే ఒత్తిడికి ముందు మూగపోతుంది. అందుచేత ఆ వైపు బ్లేడుతో కొంచెం వాలు చెక్కాలి. ఇక అన్నిటికంటె ముఖ్యం స్థానం. తీగలు బిగించిన చోటుకు ఆనించి పెడితే ధ్వని కొంత సాగుతుంది. అక్కడనుంచి ముందుకు, మీటే చేతివైపు జరిపేకొద్దీ పొట్టిపడుతుంది. ఒక వేలి వెడల్పు జరిపితే చాలు, మరో వాద్యం.

కనుమ నాడు మాస్టారింట్లో చేరాం. డ్రమ్ములు కొట్టే అతను ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు. 'జూనియర్ ఘంటసాల' అని మా కరపత్రాల్లో వేసుకున్న గాయకుడు ఇన్సూరెన్సు ఏజెంటు. ముందు గదిలో కూర్చున్న పదినిమిషాల్లోనే మాస్టారి అల్లుడికి ఒక పాలసీ వివరించాడు. హార్మోనియం వాయించడానికి మాస్టారి మేనల్లుడు వచ్చాడు. మాస్టారు తెల్ల లాల్చీ వేసుకుని పడక్కుర్చీలో కూర్చుని, అందరినీ చూసి నవ్వుతున్నారు. ఏం అడిగినా "బాగానే ఉన్నాను" అంటున్నారు. "భోజనాలు చేశారా మాస్టారూ?" అన్నా అదే జవాబు, "పిల్లలెక్కడున్నారండీ?" అన్నా అదే జవాబు.

మొదటి పాట ఇళయరాజాగారిది, డ్రమ్ములతని కోరిక. ఆ పాటకు నియమం ప్రకారం స్పాంజి లేదు. చరణం రాకముందే మాస్టారు చెవిలో మిషను మెల్లిగా తీసి లాల్చీ జేబులో వేసుకున్నారు. ఎవరూ చూడలేదనుకున్నారు. నవ్వు మాత్రం అట్లాగే ఉన్నది, ఫోటోలో నవ్వులా.

పాట అయింది. జేబులోంచి స్పాంజి తీసి దూర్చాను. పెట్టె వాల్యూము తగ్గించాను. డ్రమ్ముల మీద రెండు తువ్వాళ్ళు కప్పించాను. మాస్టారి భార్య, మేమంతా అమ్మగారంటాం, ఆయన జేబులో చెయ్యిపెట్టి మిషను తీసి మళ్ళీ చెవిలో పెట్టారు. ఆయన మందు మింగబోయే పిల్లవాడిలా మొహం పెట్టి ఊరుకున్నారు. ఘంటసాలగారి పాట ఎత్తుకున్నాం.

పల్లవి అయింది, ఆయనలో చలనం లేదు. మొదటి చరణం సగంలో కుడిచెయ్యి తొడమీదకు వచ్చింది. వేళ్ళు తాళం వేస్తున్నాయి. నా తీగ పడినచోటనే పడుతున్నాయి. అది వినికిడో, చేతి అలవాటో ఇంకా తెలియదు. నేను తల ఎత్తలేదు. రెండో చరణం చివరికి వచ్చింది. చెయ్యి తాళం ఆపి పైకి లేచింది.

"ఆపండి."

ఆపాం. గదిలో ఫ్యాను చప్పుడు ఒకటే.

"ఒరే జూనియరూ, రెండో చరణంలో మాట మింగావు. మూడో పాదంలో. లా లా అని దాటేశావు."

జూనియర్ ఘంటసాల నోరు తెరిచి నిలబడ్డాడు. ఆ మాట అతనికి 2001 నుంచీ నోటికి రాదు. పందిళ్ళ మోతలో ఇన్నేళ్ళూ లా లా అనే దాటించాడు. "మాస్టారూ..." అన్నాడు. అంతకంటె మాట రాలేదు. మాస్టారు ఆ మాటను మూడుసార్లు అతనిచేత పలికించారు. అమ్మగారు వంటింట్లోకి వెళ్ళి చాలాసేపటిదాకా రాలేదు.

అదంతా స్పాంజి మహత్యమని నేను అనను. గది చిన్నది, పెట్టె చిన్నది, తువ్వాళ్ళు కప్పాం, ఆ పాట ఆయనకు కంఠతా వచ్చు. వచ్చిన పాట వినడం, రాని పాట వినడం ఒకటి కావు. కాని పోయిన మాటను పట్టుకోవాలంటే ఉన్న మాటలన్నీ వినపడాలి గదా. ఆ సాయంత్రం వాళ్ళబ్బాయి టీవీలో ఏదో కొత్త పాట పెడితే ఆయన మళ్ళీ మిషను తీసేశారు. అదీ చెప్పాలి.

తరువాత మాస్టారు నన్ను పిలిచి గిటారు ఒళ్ళో పెట్టించుకున్నారు. స్పాంజి బయటికి తీసి, వాసన చూసి, వాలు చెక్కిన వైపు బొటనవేలితో తడిమారు. "కోత బాగానే ఉందిరా. సీటుది కాదే?"

"కాదండీ. గిన్నెలు తోమేది."

"అమ్మాయి ఏమన్నది?"

"ఇంకొకటి ఉందిలెండి అన్నది."

పన్నెండో పాట దగ్గర హార్మోనియం మీదినుంచి మేనల్లుణ్ణి లేవమని ఆయనే కూర్చున్నారు. శ్రుతి పట్టారు. పాడతారని ఎవరూ అనుకోలేదు. గొంతు సన్నగా, పండుటాకు గలగలలా వచ్చింది. నేను స్పాంజి ముక్కను ఒక వేలి వెడల్పు ముందుకు జరిపాను.